మూడో చార

గరాజ్ తలుపు పూర్తిగా కిందికి దిగేదాకా దెబోరా నోరు విప్పలేదు.

చర్చి నుంచి ఇంటిదాకా కార్లో మాట్లాడింది శాంతి ఒక్కతే.

"డాడీ, నీకు త్రీ టైమ్స్ హర్ట్ అయిందా? నువ్వు నాకు వన్ టైమ్ అని చెప్పావ్."

రత్నరాజు అద్దంలోంచి కూతుర్ని చూశాడు. "సీట్ బెల్ట్ పెట్టుకో" అన్నాడు.

ఆ పిల్ల అప్పటికే పెట్టుకునే ఉంది.

ఇప్పుడు శాంతి లోపలికి పరిగెత్తింది. ఇంజన్ ఆగింది. ఇద్దరూ కార్లోనే కూర్చున్నారు. అతని ఒంటి మీద ఆకుపచ్చ ఆర్మీ కోటు. ఎడమ రొమ్మున రంగు రంగుల రిబ్బన్లు. కుడి ముంజేతి దగ్గర, ఒకదాని మీద ఒకటి, మూడు బంగారు రంగు చారలు.

"మూడు గాయాలట" అంది దెబోరా.

"ముసలాయన ఏదో అన్నాడు."

"ఆయన అన్నారు. పాస్టరుగారు మైకులో చెప్పారు. జనమంతా లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. మీరు కాదనలేదు."

"వెటరన్స్ డే అని అంతమంది చప్పట్లు కొడుతుంటే ఏమని కాదంటాను?"

"కాదు అని."

రత్నరాజు తాళం చెవి ఊడదీశాడు.

"ఏవండీ, నేను సర్జికల్ వార్డు నర్సుని. మీ ఒంటి మీద ఎక్కడ ఏముందో మీకంటే నాకే ఎక్కువ తెలుసు. ఎడమ తొడ మీద ఒక మచ్చ. పదకొండేళ్ళ కాపురంలో రెండోది నా కంట పడలేదు. మిగతా రెండు గాయాలూ ఎక్కడ దాచారు?"

"ఆకలేస్తోంది, దెబోరా" అని అతను దిగిపోయాడు.

తలుపు తెరవడానికి చెయ్యి చాపినప్పుడు కోటు చెయ్యి జారి వేళ్ళ కణుపుల మీద పడింది. అతను విసుగ్గా పైకి లాక్కున్నాడు. ఆరాధన జరిగినంతసేపూ అదే పని. లాక్కోవడం, అది మళ్ళీ జారడం. పొట్ట దగ్గర గుండీ బిగుసుకుంటే అది వయసు అనుకుంది. చేతుల సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

*

అసలు ఆ కోటు ఉందన్న సంగతే ఆమెకు మొన్నటిదాకా తెలియదు.

వియత్నాం నుంచి వచ్చాక యూనిఫాం పారేశానని పెళ్ళయిన కొత్తలో చెప్పాడు. ఆమె నమ్మింది. క్రితం శనివారం శాంతి స్కేట్ల కోసం బేస్‌మెంట్ గాలిస్తూ పాత ట్రంకు తెరిచింది. అడుగున కోటు. సండే స్కూల్లో ఆ వార్త చెప్పింది. మాజీ సైనికుల్ని గౌరవించే వెటరన్స్ డే ఈ ఏడు సరిగ్గా ఆదివారం వచ్చింది కాబట్టి బ్రదర్ రత్నరాజు యూనిఫాంలో రావాలని పాస్టరుగారు పట్టుబట్టారు.

కోటు చూసినప్పుడు రత్నరాజు ముఖంలో రంగు పోవడం దెబోరా గమనించింది. పాత జ్ఞాపకాలేమో అనుకుని ఊరుకుంది.

నిన్న సాయంత్రం అతను బాత్‌రూమ్ తలుపు గడియ వేసుకుని రిబ్బన్లు తగిలించుకున్నాడు. పిన్నులు గుచ్చడానికి గడియ దేనికి?

ఇప్పుడు ఆమె చర్చి చీర మార్చుకుంది. వాషింగ్ మెషీన్ పక్కన పెద్ద ఆకుపచ్చ ఆర్మీ సంచి వేలాడుతోంది. మాసిన బట్టలు వేసేది అందులోనే. దాని మీద నల్ల సిరాతో ఇంగ్లీషు 'బి' అక్షరం, పక్కన నాలుగు అంకెలు. కాపురానికి వచ్చిన కొత్తలో అదేమిటని అడిగితే చెప్పాడు: బి అంటే బత్తుల, ఇంటిపేరు, అంకెలు సోల్జర్ నంబరులో చివరివి. వందలమంది బట్టలు ఒకేచోట ఉతికితే ఎవరివెవరివో తెలియడానికి ఆ గుర్తు. సాక్సు దగ్గర్నుంచి కోటుదాకా అన్నిటికీ వేయాల్సిందేనట.

"చాకలి గుర్తు" అని అప్పుడు నవ్వింది.

ఈవేళ నవ్వు రాలేదు.

*

పలావు వేడి చేస్తుండగా డోర్‌బెల్ మోగింది.

గుమ్మంలో దేవకుమారి, ఆవిడ వెనక వాళ్ళ నాన్న జోసఫ్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ సైన్యంతో బర్మా వెళ్ళి వచ్చిన మనిషి. నల్ల ఓవర్‌కోటు, మెడకు మఫ్లర్, తలకి మంకీ క్యాప్. చర్చిలో పిల్లలూ పెద్దలూ అందరికీ ఆయన సుబేదార్ తాతగారు. మూడు గాయాల మాట ఆయనదే.

"వందనాలమ్మా దెబోరా. మీ డిష్ చర్చిలోనే మర్చిపోయావు" అంది దేవకుమారి. లోపలికి వస్తూ గొంతు తగ్గించింది. "అన్నయ్యగారికి ఎలా ఉంది? పాస్టరుగారు పర్పుల్ హార్ట్, పర్పుల్ హార్ట్ అంటుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ జబ్బు సంగతి ఇన్నాళ్ళూ మాకు చెప్పనేలేదేం? మా కిడ్నీ డాక్టర్ గోపాల్ గారికి తెలిసిన హార్ట్ స్పెషలిస్ట్ ఉన్నాడు."

"అది జబ్బు కాదు వదినా. మెడల్. యుద్ధంలో దెబ్బ తగిలితే ఇస్తారు."

"మెడలా?" దేవకుమారి కాసేపు ఆలోచించింది. "నేను అక్కడే మోకరించి ప్రార్థన కూడా చేశానే."

"ప్రార్థన ఎక్కడికీ పోదులే" అన్నాడు జోసఫ్. "రత్నరాజూ, ఏడీ ఆ కోటు? ఒక్కసారి దగ్గర్నుంచి చూసి సెల్యూట్ కొట్టి పోతాను."

రత్నరాజు కోటు విప్పి సోఫా వెనక వేశాడు. ముసలాయన దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదికి తీసుకున్నాడు. కుడి చెయ్యి తిప్పి మూడు చారల మీద వేలు పెట్టాడు.

"ఒకటి, రెండు, మూడు. మూడుసార్లు చావు తప్పింది. మా రెజిమెంట్‌లో రెండు చారలున్నవాడు కనపడితే మేమే లేచి చోటిచ్చేవాళ్ళం."

"తాతగారూ, అవి గాయాల చారలు కావండి" అన్నాడు రత్నరాజు.

"నాకు చెప్పకు. మోచేతి కింద బంగారు చార అంటే గాయమే. మావి నిలువుగా ఉండేవి, ఎడమ చేతికి. మీవి అడ్డంగా, కుడి చేతికి. అమెరికా వాళ్ళు అన్నీ తిరగేస్తారు కదా. కారు స్టీరింగు తిరగేశారు, లైటు స్విచ్చి తిరగేశారు, ఇది తిరగేయరా?"

దేవకుమారి నవ్వింది. దెబోరా నవ్వలేదు. భర్త ముఖమే చూస్తోంది.

"గాయం ఒక్కటే" అన్నాడు రత్నరాజు. ఆ మాట ముసలాయనతో అన్నా చూపు భార్య మీద ఉంది. "దానికి ఈ ఊదారంగు రిబ్బన్ ఇచ్చారు. రెండోసారి తగిలితే దీని మీద చిన్న ఆకు పెడతారు. చూడండి, ఆకు లేదు. ఈ చారలు వేరే. యుద్ధభూమిలో ఎంతకాలం ఉన్నామో దానికి గుర్తు. ఆరు నెలలకి ఒక చార. అంతే. గాయాలకీ దీనికీ సంబంధం లేదు."

దెబోరా భుజాలు దిగాయి. భర్త అబద్ధం చెప్పలేదు. ముసలాయన తన దేశం లెక్కలో ఈ చారలు చదివాడు, అంతే. గరాజ్‌లో అన్న మాటలకి సిగ్గేసింది.

"కాఫీ కలుపుతాను" అని లేచింది.

జోసఫ్ ఇంకా కోటు చెయ్యి వదల్లేదు. తప్పు ఒప్పుకోవడం ఆయనకి కష్టంగా ఉంది. వేలితో ఒక్కో చారా తాకుతూ మళ్ళీ మొదలెట్టాడు.

"ఆరు నెలలకి ఒకటా. ఆరు. ఆరూ ఆరూ పన్నెండు. మూడార్లు పద్దెనిమిది. ఏడాదిన్నర ఉన్నావన్నమాట ఆ నరకంలో. అది మాత్రం తక్కువా?"

వంటింటి గుమ్మంలో దెబోరా ఆగిపోయింది.

వెనక్కి తిరిగి చూసింది. రత్నరాజు ఆ చారల వైపు చూస్తున్నాడు. వాటిని మొదటిసారి చూస్తున్నవాడిలా చూస్తున్నాడు.

"ఏడాదే అనేవారుగా మీరు" అంది దెబోరా, మామూలుగా.

"మిలట్రీలో ఆర్నెల్లు అటూ ఇటూ అవుతుందమ్మా" అన్నాడు జోసఫ్.

*

వాళ్ళు వెళ్ళేదాకా ఆమె నవ్వుతూనే ఉంది. కాఫీ ఇచ్చింది. దేవకుమారికి పలావు డబ్బాలో పెట్టి ఇచ్చింది. కారు వీధి మలుపు తిరిగాక తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"శాంతీ, నీ ప్రాజెక్ట్ అన్నావు కదా. రేణు వాళ్ళింటికి వెళ్ళు. డాడీ వచ్చి పిక్ చేసుకుంటారు."

"ఇప్పుడేనా? మమ్మీ, ఇట్స్ రెయినింగ్."

"గొడుగు తీసుకో."

శాంతి స్నేహితురాలు రేణు వాళ్ళిల్లు వీధి చివరే. పిల్ల వెళ్ళింది. దెబోరా భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీరు వియత్నాం ఎప్పుడు వెళ్ళారు?"

"చెప్పాను కదా."

"మళ్ళీ చెప్పండి."

"అరవైతొమ్మిది ఆగస్టు."

"పద్దెనిమిది నెలలు కలపండి."

రత్నరాజు సోఫాలో కూర్చున్నాడు. "దెబోరా, నువ్వు అనుకునేది కాదు."

"కలపండి."

"డెబ్బై ఒకటి ఫిబ్రవరి."

"మా అన్నయ్య ఎప్పుడు పోయాడు?"

అతను తల వంచుకున్నాడు.

ఉదయ్ పోయింది డెబ్బై ఒకటి జనవరిలో. చికాగోలో, మంచులో కారు జారి. అక్కడ చదువుకుంటున్న ఉదయ్‌తో ఆ కార్లో ఉన్నది అతని రూమ్మేట్ రత్నరాజు ఒక్కడే. అంబులెన్స్ వచ్చేదాకా ఉదయ్ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తరువాత బాపట్ల వచ్చి, దెబోరా తల్లి ముందు కూర్చుని, కొడుకు చివరి మాట అప్పగించాడు: 'అమ్మకి చెప్పు, నాకు చలి వెయ్యడం లేదని.'

కొడుకు అమెరికా విమానం ఎక్కిన రోజునుంచీ ఆ తల్లి దిగులంతా చలి గురించే. ఆ మాట విన్నాక ఆమె వారం రోజులకు మొదటిసారి అన్నం తిన్నది. ఏడాది తిరిగాక దెబోరాకి సంబంధాలు చూస్తుంటే ఒకటే పట్టు పట్టింది. నా బిడ్డ ఆఖరి మాట విన్న చెవులవి. పిల్లని అతనికే ఇస్తాను.

దెబోరా పెళ్ళి ఆ ఒక్క వాక్యం మీద జరిగింది.

"మీరు ఫిబ్రవరి దాకా వియత్నాంలో ఉంటే, జనవరిలో మా అన్నయ్య పక్కన ఎవరున్నారు?"

"నేనే ఉన్నాను."

"అయితే ఈ చార అబద్ధమా?"

"చార అబద్ధం చెప్పదు. ఊరికే కుట్టుకోనివ్వరు."

"అయితే మీరు చెప్పారు."

"నేను ఉన్నాను, దెబోరా. ప్రమాణం చేస్తాను."

"బైబిల్ తేనా?"

అతను బైబిల్ ఉన్న అల్మరా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. అది ఆమెకి జవాబుకంటే ఎక్కువ భయం కలిగించింది. ఇది వేరే ఆడమనిషి వ్యవహారమైతే ఈపాటికి కోపం తెచ్చుకునేవాడు. అతనికి కోపం రావడం లేదు.

"ఒక్కటి చెప్పండి. ఏ సిపాయి అయినా తన చేతి మీద ఎన్ని చారలున్నాయో ఎరగడా? తాతగారు లెక్కపెడుతుంటే మీరు దొంగ దొరికినట్టు చూశారేం?"

రత్నరాజు లేచి కారు తాళాలు తీసుకున్నాడు. "శాంతిని తీసుకొస్తాను."

"ఇప్పుడే కదా వెళ్ళింది."

"వాన పడుతోంది" అని వెళ్ళిపోయాడు.

*

దెబోరా కోటు ముందు కూర్చుంది.

వార్డులో పేషెంటు అబద్ధం చెబితే ఆమె వాదించదు. దుప్పటి తీసి చూస్తుంది. ఒళ్ళు చెప్పేది వేరేగా ఉంటుంది.

ముందు పేరు బిళ్ళ. నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల అక్షరాలు, బత్తుల. వెనక రెండు పిన్నులు, వాటికి ఇత్తడి బిరడాలు. నొక్కితే ఊడి చేతిలోకి వచ్చింది. రిబ్బన్లూ అంతే. కాసేపట్లో అతనివన్నీ ఆమె అరచేతిలో ఉన్నాయి. కోటుకి చిన్న చిన్న చిల్లులు మాత్రం మిగిలాయి. ఆ చిల్లులు కూడా కొత్తవి. పోగులు ఇంకా లేచి ఉన్నాయి.

చారలు ఊడలేదు. అవి దారంతో కుట్టినవి. దారం గుడ్డతో పాటే వెలిసిపోయింది.

పిన్నుతో గుచ్చినవి నిన్నటివి. కుట్టినవి పాతవి.

ఆమెకి సంచి గుర్తొచ్చింది. చాకలి గుర్తు. సాక్సు దగ్గర్నుంచి కోటుదాకా అన్నిటికీ.

కోటు బల్ల మీద బోర్లించి, లోపలి జేబు బయటికి లాగింది. నల్ల సిరా. మాసిపోయినా చదవడానికి వస్తోంది. ఒక అక్షరం, నాలుగు అంకెలు.

వాషింగ్ మెషీన్ దగ్గరికి వెళ్ళి మాసిన బట్టలు నేల మీద కుమ్మరించింది. సంచి తెచ్చి కోటు పక్కన పరిచింది.

అంకెలు కలవలేదు. అక్షరం కూడా కలవలేదు. సంచి మీద బి.

కోటు జేబు మీద పి.

పెనుమాక. పదకొండేళ్ళ క్రితం ఆమె పుట్టింట్లో వదిలి వచ్చిన ఇంటిపేరు.

ఉదయ్ చదువుకోవడానికి వచ్చాడు. ఉత్తరాల్లో క్లాసులున్నాయి, పరీక్షలున్నాయి. ఆర్మీ అన్న మాట ఎప్పుడూ లేదు. ఏడాదిన్నర యుద్ధంలో ఉన్నవాడు ఇంటికి పరీక్షల గురించి రాశాడా?

గరాజ్ తలుపు చప్పుడైంది. శాంతి తడిసిన బూట్లతో మెట్లెక్కి తన గదిలోకి పోయింది. రత్నరాజు వంటింట్లోకి వచ్చి బల్ల వైపు చూశాడు. పక్కపక్కన సంచి, కోటు. ఒక సాసర్లో అతని రిబ్బన్లు.

"వేసుకోండి" అంది దెబోరా.

"ఎందుకు?"

"వేసుకోండి."

అతను వేసుకున్నాడు. ఆమె అతని రెండు చేతులూ ముందుకు చాపించి చూసింది. కోటు చేతులు జారి వేళ్ళ కణుపుల్ని కప్పేశాయి.

"వయసొస్తే పొట్ట పెరుగుతుంది. చేతులు కురచ కావు" అంది ఆమె. "మా అన్నయ్య స్టూలు ఎక్కకుండానే అటక మీద డబ్బాలు దింపేవాడు. అమ్మ ఏ చొక్కా కుట్టించినా చేతులు చాలేవి కావు."

రత్నరాజు చేతులు దించలేదు. ఎవరో తుపాకి చూపించి నిలబెట్టినట్టు అలాగే ఉన్నాడు.

"నావి రెండు చారలే" అన్నాడు చివరికి. "నా కోటు నిజంగానే పారేశాను. ఇది పారేయలేకపోయాను."

"అన్నయ్య ఆర్మీలో ఉన్నాడా?"

"నాకంటే ముందు వెళ్ళాడు. నాకంటే ఎక్కువ ఉన్నాడు. మీ అమ్మకి తెలియకూడదని ఒట్టు వేయించుకున్నాడు."

"మీరు వాడి దగ్గర ఉన్నారా, లేదా?"

"ఉన్నాను."

"ఆ మాట అన్నాడా? చలి వెయ్యడం లేదని?"

"అన్నాడు." రత్నరాజు చూపు చారల మీదికి దిగింది. "అమ్మకి చెప్పమని మాత్రం అనలేదు. అది నేను కలిపాను. నా కోటు వాడి రక్తంతో తడిసి గడ్డకట్టింది. నేను వణుకుతున్నాను. వాడు ఇది విప్పి నాకు కప్పాడు. వద్దంటే, నాకు చలి వెయ్యడం లేదులేరా అన్నాడు. అంబులెన్స్ వచ్చేసరికి..."

దెబోరా అతని కుడి చెయ్యి పట్టుకుంది. మూడో చార మీద బొటనవేలు ఆనించింది. అన్న ఒంటి వేడి అందులో ఇంకా ఉందేమోనన్నట్టు కాసేపు అలాగే ఉంచింది.

అంతలో ఆమె వేలు వెనక్కి తీసుకుంది.

పదమూడేళ్ళుగా విన్న కథ అది. మంచు, జారిన కారు, అంబులెన్స్, ఒళ్ళో తల. ఎన్నిసార్లు చెప్పినా అందులో ఎప్పుడూ రాని విషయం ఒకటుంది. అమ్మ అడగలేదు. తనూ అడగలేదు.

రక్తంతో తడిసిన కోటు. చొక్కాతో మిగిలిన అన్నయ్య. తప్పు చేసినవాడిలా చాపిన చేతులు.

"ఏవండీ" అంది చాలా నెమ్మదిగా. "ఆ రోజు కారు నడిపింది ఎవరు?"

రత్నరాజు ఎడమ పిడికిలి విప్పాడు. శాంతిని తీసుకొచ్చిన కారు తాళాలు ఇంకా అందులోనే ఉన్నాయి. వాటిని బల్ల మీద, సంచికీ సాసరుకీ మధ్య పెట్టాడు.

తరువాత కోటు విప్పడం మొదలుపెట్టాడు.